విజయనగరంలో పాత బంగళా హోటల్: గోడలకి ఫుల్ మార్కులు, వంటింటికి పాస్ మార్కులు

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. ఈ హోటల్లో రూమ్ కావాలంటే యాప్‌లో నొక్కేసి ఊరుకోకండి, ఫోన్ చేసి "పాత బంగళాలో గదే కావాలి, వెనకాల కొత్త బ్లాక్ వద్దు" అని గట్టిగా చెప్పండి, వాళ్ళు సరే అన్నాక అదే ముక్క వాట్సాప్‌లో పెట్టించుకోండి. ఫోటోల్లో కనిపించేదంతా బంగళా, అడక్కపోతే చేతిలో పెట్టేది మాత్రం వెనక బ్లాక్ తాళం. మాకూ అదే ఇవ్వబోయారు, మా ఆవిడ కౌంటర్ దగ్గర ఫోన్ తీసి ఫోటో చూపించి "మరి ఈ గది ఎక్కడుందండీ" అని నెమ్మదిగా అడిగితే అప్పుడు తాళం మారింది.

పేరు రాయట్లేదు. మంచితో పాటు లోపాలూ రాస్తున్నాను, పైగా కోట చుట్టుపక్కల నాలుగు వీధులు తిరిగినవాళ్ళకి ఏదో ఎలాగూ తెలిసిపోతుంది. జమీందారీ రోజుల్లో ఎవరో పెద్ద ఉద్యోగం చేసినాయన కట్టుకున్న మేడ, కింద మధ్యలో పైకప్పు తెరిచి ఉండే మండువా, ముందు స్తంభాల వరండా, వెనక పెరడు, పెరట్లో నుయ్యి. చాలాకాలం తాళాలేసి ఉండి, ముందు గేటుకి సినిమా పోస్టర్లు అంటించుకోడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని స్థితిలో ఉండేది, ఇప్పుడు బాగుచేసి హోటల్ చేశారు. మాది శ్రీకాకుళం, చుట్టాల పెళ్ళికి వెళ్ళాం, కళ్యాణమండపం వాళ్ళిచ్చే రూముల్లో అమ్మ పడుకోలేదని ఇక్కడ దిగాం.

నేను ఇళ్ళు కట్టించే పని చేస్తాను, ఎక్కడికెళ్ళినా ముందు గోడ మీద చెయ్యేసి చూస్తాను, మంచం మీద కూర్చోడం తరవాత. ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది. అందుకని రివ్యూలో సగం గోడల గురించే ఉంటుంది, ఏసీ చల్లగా ఉందా టవల్స్ తెల్లగా ఉన్నాయా మాత్రమే కావాల్సినవాళ్ళు కిందకి వెళ్ళిపోండి.

మన వైపు పాత ఇల్లు బాగుచేయిస్తున్నాం అంటే మొదట చేసే పని పాత సున్నం పూత గీకేసి సిమెంట్ కొట్టించడం. అక్కడితో ఆ ఇంటి పని అయిపోయినట్టే. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి తేమ లాక్కుంటుంది, మళ్ళీ పైనుంచి గాలికి వదిలేస్తుంది, వందేళ్ళుగా అదే చేస్తూ ఉంటుంది. దాని మీద సిమెంట్ పూత పడితే తేమకి బయటికి దారి ఉండదు, కొన్ని వానాకాలాలు గడిచేసరికి మోకాలెత్తు దాకా ఉప్పు తేలుతుంది, రంగు పొక్కుతుంది, పెచ్చులు రాలతాయి, అప్పుడు మేస్త్రీ వచ్చి పాత గోడ కదండీ అంతే ఉంటుంది అని ఇంకో చుట్టు సిమెంట్ కొట్టి, దాని మీద పుట్టీ పెట్టి, దాని మీద వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి బిల్లు పట్టుకెళ్తాడు. శ్రీకాకుళంలో, విజయనగరంలో, బొబ్బిలిలో ఇలా పాడైన ఇళ్ళు నేను చాలా చూశాను.

ఇక్కడ ఆ పని చెయ్యలేదు. మెట్ల కింద, కుండీల వెనక, కిటికీ చెక్క కింద, ఎక్కడ మామూలుగా దొంగపని జరుగుతుందో అక్కడల్లా చూశాను, అంతా సున్నమే. పెరట్లో సున్నం నూరే గానుగ ఇంకా ఉంది, గుండ్రటి కాలవ, అందులో తిరిగే రాతి చక్రం. పూర్వం ఎద్దుని కట్టి తిప్పేవారు, వీళ్ళు మోటార్ పెట్టుకున్నారు, అంతే తేడా. నానబెట్టిన సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి అందులో నూరి, కరక్కాయ బెల్లం నానేసిన నీళ్ళు పోసి వాడారట. లోపల గోడల మీద ఆఖరి పూత ఎంత నున్నగా వచ్చిందంటే రాత్రి లైటు వేస్తే మన నీడ కాదు మన రూపమే లీలగా కనిపిస్తుంది, పెయింట్ లేదు, ఏమీ లేదు. మే నెలలో కూడా ఈ గదుల్లో మధ్యాహ్నం దాకా ఏసీ అక్కర్లేదని అక్కడ పనిచేసే కుర్రాడు చెప్పాడు, రెండడుగుల గోడ మరి, నమ్మాను.

పైకప్పు మద్రాస్ టెర్రస్. తెలియనివాళ్ళకి చెప్తాను, టేకు దూలాలు దగ్గరదగ్గరగా వేసి, వాటి మీద చిన్నచిన్న పల్చటి ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చుకుంటూ పోతారు, ఆ పైన ఇటుక ముక్కలు సున్నం కలిపిన కాంక్రీటు పోసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. ఇనుప చువ్వ ఒక్కటి ఉండదు. ఇప్పుడు ఈ పని తెలిసిన మేస్త్రీలు దొరకరు, దొరికినా తొందరగా అవ్వదు, అందుకే అందరూ దూలాలు పీకి అమ్ముకుని స్లాబ్ వేసేస్తారు. వీళ్ళు ఉంచారు, పాడైన మూల మాత్రం మళ్ళీ అదే పద్ధతిలో వేశారు.

గేటు దగ్గర కూర్చునే తాత ఈ ఇంట్లో పాత యజమానుల దగ్గర పాలేరుగా చేశాడట. నేను మెడ వెనక్కి విరిచి కప్పు చూస్తుంటే వచ్చి "ఏటి బాబూ అలగ సూస్తన్నారు, దూలాలు మార్చనేదు, ఆ మూల నాలుగే మార్చినారు, హుద్‌హుద్‌కి మావిడిచెట్టు పడిపోయి అటేపు కూలిపోనాది" అన్నాడు. 2014 అక్టోబర్ 12 నాటి ఆ తుఫాను అంటే మా వైపు వాళ్ళకి ఎవరికైనా గుర్తే, దానికి తట్టుకుని మిగిలిన కప్పు ఎంతో అని అప్పుడు చూశాను, ముప్పావు వంతు పైనే. కొత్తగా వేసిన ఆ నాలుగు దూలాలకి పాత రంగు పులమకుండా లేతగానే వదిలేశారు. ఏది పాతదో ఏది మనం వేసిందో చూసేవాడికి తెలియాలని అలా చేస్తారు, ఎవరు చేయించారో గానీ పని తెలిసినవాళ్ళు.

బాత్రూంల దగ్గర కూడా బుర్ర పెట్టారు. పాత ఇంట్లో గదికో బాత్రూం ఉండదు కదా, గోడలు పగలగొట్టి పైపులు దూర్చేస్తే లీకేజీ మొదలైన రోజున సున్నం గోడ లోపల్నుంచి కరిగిపోతుంది. వీళ్ళు వెనక వరండాని భాగాలు చేసి అక్కడ బాత్రూంలు పెట్టి, పాత నేలని తవ్వకుండా దాని మీద ఇంకో నేల లేపి, పైపులన్నీ ఆ మధ్య ఖాళీలో తిప్పారు. ఇంజనీరింగ్ పరంగా చాలా మంచి పని. కాకపోతే దాని వల్ల బాత్రూం గుమ్మం జానెడు ఎత్తు పెరిగింది, అక్కడ ఒక లైటు గానీ పట్టుకోడానికి ఒక కడ్డీ గానీ లేదు, రాత్రి అమ్మ తూలిపోయి తలుపు పట్టుకుని ఆగింది కాబట్టి సరిపోయింది. పొద్దున్నే మేనేజర్‌కి చెప్తే "సార్ హెరిటేజ్ కదా సార్, మార్చకూడదు" అన్నాడు. బాత్రూం నిన్నగాక మొన్న కట్టింది బాబూ, దానికి హెరిటేజ్ ఏంటి, వంద రూపాయల సెన్సార్ లైటు పెట్టు అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు టార్చ్ పట్టుకెళ్ళండి.

వైఫై గదుల్లోకి రాదు, రెండడుగుల గోడ దాటి ఎలా వస్తుంది, మండువాలో కూర్చుంటే వస్తుంది. మండువాలో కూర్చుంటే దోమలూ వస్తాయి. పాత మంచాలకి దోమతెర కర్రలు ఉన్నాయి, తెరలు లేవు, అలంకారానికి ఉంచారట.

వెనక కొత్త బ్లాక్ గురించి ఎక్కువ రాయను, రాయడానికి ఏం లేదు. మామూలు పిల్లర్లు, మామూలు స్లాబ్, ముందుకి మాత్రం ఫైబర్ ఆర్చీలు అతికించి బంగళాకి మేచింగ్ అని పసుపు రంగు వేశారు. గదులు శుభ్రంగా ఉంటాయి, లిఫ్ట్ ఉంది, షవర్‌లో నీళ్ళు జోరుగా వస్తాయి. అదే అద్దె. విజయనగరంలో ఇలాంటి గది స్టేషన్ రోడ్డులో ఇందులో సగానికి దొరుకుతుంది, అందుకే మొదటి పేరాలో అంత గట్టిగా చెప్పాను.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండిన విషయానికి వస్తాను. లోపల అడుగు పెట్టగానే లాబీలో రాజస్థానీ తోలుబొమ్మలు, అద్దాలు కుట్టిన గొడుగులు, ఏనుగు మీద లాంతరు, ఒక మూల ఇత్తడి హుక్కా. విజయనగరంలో హుక్కా ఎవరు తాగారండీ? బొబ్బిలి వీణ అంటే ఒకే పనస దుంగని తొలిచి చేసేది, ఏకాండి వీణ అంటారు, చేసేవాళ్ళు గొల్లపల్లిలో ఉన్నారు, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వీణతో వెనక్కి వచ్చెయ్యొచ్చు. పొందూరు ఖద్దరు కూడా అంతే దూరం, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి సన్నగా వడికే నూలు, ఆ బట్టతో కర్టెన్లు కుడితే ఆ సున్నం గోడల పక్కన ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇక్కడ వేలాడుతున్నవి మెరిసే పాలిస్టర్. బుడితి ఇత్తడి, కంచు సామాను మా జిల్లాలోనే చేస్తారు, ఒక్క చెంబు లేదు. గోడల దగ్గర ఇంత పట్టింపుతో పనిచేసినవాళ్ళు లోపల సామాను దగ్గరికి వచ్చేసరికి ఏదో ఆన్‌లైన్ షాపులో 'రాయల్ డెకార్' అని కొట్టి ఒకే రోజు అంతా ఆర్డర్ పెట్టేసినట్టుంది.

సంగీతమూ అదే వరస. స్పీకర్లో రోజంతా ఒకే వేణువు, స్పా సెంటర్లో వేస్తారే అది. మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టిన ఊరు ఇది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఘంటసాల నేర్చుకున్నది ఇక్కడే, పి. సుశీల గారు నేర్చుకున్నదీ ఇక్కడే. ఆ కాలేజీ పిల్లల్ని ఇద్దర్ని వారానికో సాయంత్రం పిలిచి, మండువాలో చాప వేసి, వయొలిన్ వాయించమని కాస్త గౌరవంగా డబ్బులిస్తే ఎంతవుతుంది? ఆ మండువాలో ధ్వని ఎంత బావుందంటే అమ్మ ఊరికే కూనిరాగం తీస్తే పై వరండాలో ఉన్న నాకు అక్షరం అక్షరం వినిపించింది. ఈ సలహా ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా రాసి ఇచ్చాను, చదువుతారో లేదో.

వరండా గోడ మీద ఫోటోలు మాత్రం బావున్నాయి. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన ఇండియా టీముకి క్రికెట్ కెప్టెన్‌గా చేసిన ఇక్కడి మహారాజకుమార్ విజ్జీ ఫోటో, గంటస్తంభం పాత ఫోటో, పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి గారు చివర కూర్చునే పొడుగాటి మాను, అదే సిరిమాను, దాని ఊరేగింపు ఫోటో. పక్కనే ఈ ఇంటి చరిత్ర అని ఒక పెద్ద బోర్డు. మహారాజావారు వేటకి వెళ్తూ ఇక్కడ విశ్రాంతి తీసుకునేవారట, బ్రిటిష్ దొరలు నాట్యం చేసేవారట, సొరంగం కోట దాకా ఉండేదట. గురజాడ గారు ఇక్కడే కూర్చుని కాఫీ తాగారని రాయలేదు, అదొక్కటే తక్కువ. గేటు తాతని సొరంగం ఏదని అడిగితే "సొరంగం నేదు ఏటీ నేదు, అది బొగ్గులేసుకునే కొట్టు" అన్నాడు. ఆ తాత చెప్పింది చెప్పినట్టు రాసి బోర్డు పెట్టినా ఇంతకన్నా ఆసక్తిగా ఉండేది, నూతిలో నీళ్ళు ఏ నెలలో ఎంత ఉండేవో, పెళ్ళిళ్ళకి వంటపొయ్యిలు ఎక్కడ తవ్వేవారో అన్నీ చెప్తాడు.

ఇంత తిట్టినా ఇలాంటి హోటళ్ళు రావాలనే నేనంటాను. విజయనగరంలో పెద్ద కట్టడాలకి ఓ అదృష్టం ఉంది, ఎవరో ఒకరు వాడుతూ వచ్చారు. 1713లో మొదలెట్టిన కోట, 1958లో ఆ రాజవంశం వారసులు పి.వి.జి. రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి చదువులకి ఇచ్చేశారు, ఇప్పటికీ పిల్లలు అందులో తిరుగుతున్నారు. కోరుకొండ ప్యాలెస్ 1962 నుంచి సైనిక్ స్కూల్. మనుషులు మసిలే ఇంట్లో చిన్న రావిమొక్క మొలిచినా ఎవరో ఒకరు పీకేస్తారు, తాళమేసిన ఇంట్లో అదే మొక్క పదేళ్ళలో గోడ చీల్చేస్తుంది. కానీ దివాన్లు, వకీళ్ళు, గుమస్తాలు కట్టుకున్న మధ్యరకం మేడలకి ట్రస్టులు ఎవరు పెడతారు, వాటాలు తెగక, వారసులు తలో దేశంలో ఉండి, చివరికి బిల్డర్‌కి ఇచ్చేస్తే అపార్ట్‌మెంట్ లేస్తుంది. నేనూ అలాంటివి కూల్చిన చోట పునాదులు తీయించినవాణ్ణే, ఆ టేకు ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. టూరిజం శాఖ లెక్కలో హెరిటేజ్ హోటల్ అనిపించుకోడానికి 1950కి ముందు కట్టిందై, కనీసం 5 గదులుంటే చాలు. ఆ లెక్కకి సరిపోయే ఇళ్ళు మన రెండు జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి, రోజూ అద్దె వచ్చే దారి కనిపిస్తే కనీసం కొందరైనా కూల్చకుండా ఆగుతారు.

తిండి. రెస్టారెంట్ మెనూ పన్నెండు పేజీలు, అందులో పనీర్ మీదే రెండు పేజీలు, పాస్తా ఉంది, మంచూరియా ఉంది, 'రాయల్ థాలీ' అని ఒకటుంది అందులో దాల్ మఖనీ వేస్తారు. పొద్దున టిఫిన్‌లో బ్రెడ్డు, పోహా, చల్లారిన ఇడ్లీ. రెండో పూట నేను వెనక్కి చెయ్యి కడుక్కోడానికి వెళ్తే వంటింటి అరుగు మీద పనివాళ్ళు భోజనాలు చేస్తున్నారు, తెలగపిండి మునగాకు కూర, పక్కన పచ్చిపులుసు, ఆ వాసనకి అక్కడే నిలబడిపోయాను. వండినావిడ మొహమాటపడి "ఏటి బాబూ, మీకీ కూర ఎలగ పెడతాం, మెనూలో నేదు కదా" అంది. మెనూలో లేకపోతే పోనీ అప్పా, ఓ గరిటెడు పెట్టు అంటే నవ్వి పళ్ళెం నిండా పెట్టింది, మా ఆవిడకీ అమ్మకీ కూడా పంపింది. మర్నాడు పొద్దున్న అడక్కుండానే అమ్మకి చోడి (రాగి) అంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ, ఊరమిరపకాయ వచ్చాయి. ఆ హోటల్లో అన్నిటికన్నా మంచి తిండి అదే, బిల్లులో లేదు, నేనే ఆవిడ చేతిలో కొంత పెట్టాను. మీరు వెళ్తే ముందురోజు సాయంత్రం వంటింట్లో మాట్లాడి పెట్టుకోండి, మేనేజర్ అడ్డు చెప్పడు, అతను కూడా అదే తింటున్నాడు.

స్టాఫ్ అందరూ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలే, మర్యాదగా ఉంటారు, పరిగెడతారు. నేర్పించిన ఇంగ్లీషు ముక్కలు నాలుగు అప్పజెప్పాక మన భాషలో మాట్లాడితే మొహాలు విప్పారతాయి. నెల్లిమర్ల కుర్రాడొకడు రామతీర్థం ఎలా వెళ్ళాలో, ఏ టైముకి వెళ్తే దర్శనం తొందరగా అవుతుందో కాగితం మీద రాసిచ్చాడు, ఆటో కూడా వాడే మాట్లాడాడు. వేడినీళ్ళు అడిగిన పదినిమిషాలకి వస్తాయి, కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకుంటుంది.

రేటు మామూలు రోజుల్లో బంగళా గదికి 5 వేలకి కాస్త అటూఇటూ, టిఫిన్‌తో కలిపి. 7500 లోపు కాబట్టి జీఎస్టీ 5 శాతమే పడాలి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 కాస్తా 5 అయింది, మా బిల్లులో సరిగ్గానే వేశారు. అమ్మవారి పండగ వారం మాత్రం అటు చూడకండి. విజయదశమి తరవాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం కదా, సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, మేడ మీంచి కనిపిస్తుందని చెప్పి ఆ రోజుకి మూడింతలు అడుగుతున్నారు. నేను మేడెక్కి చూశాను, మధ్యలో వాటర్ ట్యాంకు, ఒక సెల్ టవర్, మీ అదృష్టం బావుంటే పూజారి గారి తలపాగా కనిపిస్తుంది. సిరిమాను రోడ్డు మీద జనంలో నిలబడి చూడాల్సిందే, డబ్బులు దండగ.

నా మార్కులు అడిగితే కట్టడానికి 5కి 5, గది సౌకర్యానికి 3, అలంకారానికి 1, మెనూలో ఉన్న తిండికి 2, లేని తిండికి 5. మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తాను, కింద అంతస్తులో తూర్పు వైపు గది అడుగుతాను, పై గదుల్లో చెక్క నేల, ఎవరు నడిచినా కింద వాళ్ళకంటే పై వాళ్ళకే ఎక్కువ చప్పుడు. కారు పెద్దదైతే సందులోకి రాదు, మెయిన్ రోడ్డు మీద పెట్టుకోమంటారు, రాత్రి కాపలా తాత చూస్తాడు గానీ అద్దాలు ఎక్కించుకోండి. రైల్లో వస్తే స్టేషన్ నుంచి ఆటోనే సుఖం, గంటస్తంభం దగ్గర దింపమని చెప్పి అక్కణ్ణుంచి నడవండి, హోటల్ పేరు చెప్తే ఆటోవాడు రేటు పెంచేస్తున్నాడు.